పచ్చి అండం, చిత్తకార్తె

గోదావరి జిల్లాల్లో కుక్కల ఎదకాలానికి ఒక కార్తె పేరు స్థిరపడిపోయింది. సూర్యుడు చిత్తా నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు, అంటే సుమారుగా అక్టోబరు 10 నుంచి 23 దాకా, చిత్తకార్తె. ఆ రోజుల్లో ఒక్క ఆడకుక్క వెనక అయిదారు మగకుక్కలు ఊరంతా తిరగడం, రాత్రుళ్ళు కాట్లాడుకోవడం ఏటా కనిపించేదే. ఆడవాళ్ళ వెంటపడే మగవాణ్ణి 'చిత్తకార్తె కుక్క' అని తిట్టడం ఆ ఎరుకలోంచే పుట్టింది. తిట్టు మిగిలింది గానీ, దాని వెనకున్న జీవశాస్త్రం మీద పెద్దగా ఎవరి దృష్టీ పడలేదు.

పట్టిసీమ దగ్గర చిత్తకార్తె నాటికి గోదావరి వరద తీసేసి ఉంటుంది. దేవకూట పర్వతం చుట్టూ నీరు తేరుకుంటుంది, ఇసుక తిన్నెలు ఒక్కొక్కటే బయటపడతాయి, లంకల్లో రెల్లు పూస్తుంది. దిగువన డెల్టాలో సార్వా వరి పొట్టకొచ్చి ఈనడం మొదలుపెడుతుంది. తెలుగులో వరికీ కుక్కకీ క్రియ ఒకటే: వరి ఈనుతుంది, కుక్కా ఈనుతుంది. చిత్తలో కట్టిన చూలుకు సుమారు 63 రోజులు కలిపితే డిసెంబరు రెండో వారం నుంచి క్రిస్మస్ దాకా వస్తుంది. ధనుర్మాసపు చలిలో గడ్డిమేట్ల కింద, పొయ్యి బూడిదలో కుక్కపిల్లలు కనిపించడం ఆ లెక్క ఫలితమే. మాఘ బహుళ చతుర్దశికి, పట్టిసం వీరభద్రుడి తిరనాళ్ళ నాటికి, అవి రెండు నెలలు దాటి తల్లిపాలు మాని ఎంగిలాకుల వెంట పరుగెత్తే ఈడుకు వస్తాయి.

ఈ జానపద లెక్కకు తూనికరాళ్ళు తర్వాత దొరికాయి. జైపూరులో 'హెల్ప్ ఇన్ సఫరింగ్' అనే సంస్థ వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేస్తూ, ఏ నెలలో ఎన్ని ఆడకుక్కలు చూలుతో ఉన్నాయో నమోదు చేసింది. చావ్లా, రీస్ అనే పశువైద్యులు 2002లో ఆ వివరాలు ప్రచురించారు. చూలు కుక్కల సంఖ్య ఏడాది పొడుగునా సమానంగా లేదు. వానకాలం వెళ్ళి చలికాలం వచ్చే నెలల్లో ఒక్కసారిగా పెరిగింది. బెంగాల్లో వీధికుక్కల గుంపుల మీద జరిగిన పరిశీలనలూ ఎదకాలం ప్రధానంగా వానకాలం చివరే అని చూపాయి. ఇంట్లో పెంచే జాతికుక్కలు ఏ కార్తెనూ లెక్కచేయవు, ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తాయి. ఊరకుక్క మాత్రం ఎక్కువగా ఏడాదికొకసారే వస్తుంది. తోడేలుకూ నక్కకూ ఉన్న పాత కట్టుబాటు దాన్ని ఇంకా పూర్తిగా వదల్లేదు.

ఇక్కడ పంచాంగం వైపు నుంచి ఒక చిక్కుంది. కార్తెలు నక్షత్రాలను బట్టి నడుస్తాయి, రుతువులు పగటి పొడవును బట్టి నడుస్తాయి. ఈ రెండింటి మధ్య సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు ఎడం పెరుగుతుంది. రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరంలో ఏలిన 11వ శతాబ్దంలో చిత్తకార్తె ఇప్పటికన్నా రెండు వారాలు ముందుగా, వానలు ఇంకా తగ్గని రోజుల్లో పడేది. కుక్కలు చూసేది పగటి వెలుగునే గానీ నక్షత్రాన్ని కాదు. ఎదకాలం ఒక్క కార్తెకు పరిమితం కాదు, రెండు మూడు నెలల మీద పరుచుకుంటుంది. అందుకే వెయ్యేళ్ళ జారుడు కూడా సామెతను అబద్ధం చేయలేకపోయింది.

కుక్క కుటుంబంలో తక్కిన జంతువులు ఇంకా కచ్చితంగా ఉంటాయి. పట్టిసీమకు ఎగువన పాపికొండల అడవుల్లో తిరిగే రేచుకుక్కలకు మనదేశంలో జతకట్టే కాలం అక్టోబరు మధ్య నుంచి జనవరి దాకా. అదే రేచుకుక్కలు మాస్కో జంతు ప్రదర్శనశాలలో ఎక్కువగా ఫిబ్రవరిలో జతకట్టేవి. జంతువు అదే అయినా, వెలుగు తీరు మారితే నెల మారిపోయింది. మెట్ట ప్రాంతాల బీళ్ళలో బొరియలు తవ్వుకునే గుంటనక్క డిసెంబరు, జనవరి నెలల్లో జతకట్టి యాభై రోజులు దాటగానే పిల్లలను పెడుతుంది. లంకల్లో రాత్రి ఊళవేసే నక్క వేరు. దానికి కుక్కతో, తోడేలుతో చుట్టరికం దగ్గర. ఈ మూడింటికీ, రేచుకుక్కకూ కూడా, క్రోమోజోములు 78.

ఏడాదికి ఒకే ఎద, అదీ కొద్ది రోజులే అయినప్పుడు గర్భం తప్పిపోకుండా ఈ జంతువుల శరీరం ఒక వింత ఏర్పాటు చేసుకుంది. ఆవు, గొర్రె, కోతి, మనిషి - వీటన్నిటిలో అండాశయం నుంచి అండం బయటికి వచ్చేసరికే పండి ఉంటుంది, శుక్రకణం కోసం కాచుకుని ఉంటుంది. మనిషి అండమైతే ఒక రోజులోపు ఫలదీకరణ జరగకపోతే పాడైపోతుంది. కుక్క, నక్క, తోడేలు అండం మాత్రం పచ్చిగానే రాలుతుంది. దారిలో పండుతుంది. పండాక కూడా కొన్ని రోజులు చెడకుండా ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియడానికి ఐరోపాలో దాదాపు రెండున్నర శతాబ్దాలు పట్టింది. దాన్ని పరీక్షనాళికలోకి తేవడానికి మరో తొంభై ఏళ్ళు పట్టింది.

వేటకుక్కల చూలు అరవై రోజుల పైన ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అని అరిస్టాటిల్ నాడే రాసిపెట్టాడు. కానీ చూలు దేనితో మొదలవుతుందో ఎవరికీ తెలియదు. 1672లో డచ్చి వైద్యుడు రెనియే ద గ్రాఫ్ అండాశయంలోని నీటిబుడగల్లాంటి పుటికలను వర్ణించాడు. అవే అండాలేమో అనుకున్నారు చాలామంది. అండవాహికలో దొరికే చిన్న బంతులు ఆ పుటికలకన్నా ఎంతో చిన్నవి కావడంతో లెక్క కుదరలేదు. 1780 ప్రాంతంలో ఇటలీ పూజారి, ప్రకృతి శాస్త్రవేత్త లాజారో స్పల్లాంజాని ఎదకు వచ్చిన ఆడకుక్కను విడిగా బంధించి, మగకుక్క వీర్యాన్ని శరీరపు వేడి దగ్గర ఉంచి పిచికారీతో లోపలికి ఎక్కించాడు. 62 రోజులకు మూడు పిల్లలు పుట్టాయి. పాలిచ్చే జంతువుల్లో కృత్రిమ గర్భధారణ గురించి నమోదైన తొలి విజయం అదే. అయినా ఆ వీర్యం కలిసింది దేనితోనో స్పల్లాంజానికి తెలియదు. పైగా జీవమంతా అండంలోనే ముందుగా మడతపెట్టి ఉందని, వీర్యం దాన్ని తట్టిలేపుతుందని నమ్మే పక్షం ఆయనది.

అండం దొరికింది కూడా కుక్కలోనే. 1827లో కోనిగ్స్‌బర్గ్‌లో కార్ల్ ఎర్నస్ట్ ఫోన్ బేర్ అండవాహికలోంచి వెనక్కి, అండాశయం వైపు వెతుకుతూ పోయాడు. కొద్ది రోజుల కిందటే జతకట్టిన ఆడకుక్క కావలసివచ్చింది. సహోద్యోగి బుర్డాఖ్ ఇంటి కుక్క అందుకు సరిపోయింది. కోసి చూస్తే ఒక పుటికలో పసుపుపచ్చని చుక్క కంటికే కనిపించింది. పుటిక చీల్చి ఆ చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అది గుడ్డు పచ్చసొన లాంటి ముద్ద, మిల్లీమీటరులో పదో వంతు. చూసి బెదిరిపోయి వెనక్కి తగ్గానని, మళ్ళీ కన్ను ఆనించడానికి ధైర్యం కూడదీసుకోవలసి వచ్చిందని బేర్ తన జీవితచరిత్రలో చెప్పుకున్నాడు. కొవ్వు బిందువులు కిక్కిరిసి ఉండడం వల్ల కుక్క అండం బాగా చిక్కగా ఉంటుంది. బేర్‌కు సులువుగా కనిపించడానికి ఆ చిక్కదనమే కారణం. నూటయాభై ఏళ్ళ తర్వాత ప్రయోగశాలల్లో లోపలి కేంద్రకం కనిపించక జనం తలలు పట్టుకున్నదీ ఆ చిక్కదనం వల్లే.

తరువాతి అంకంలో కుక్క శాస్త్రాన్ని పెడదారి పట్టించింది. టియోడర్ బిషోఫ్ అనే జర్మన్ శరీర శాస్త్రవేత్త 1840లలో ఆడకుక్కల మీద పరిశీలనలు చేశాడు. మగకుక్కతో కలవకపోయినా కాలం వస్తే అండం దానంతట అదే విడుదలవుతుందని నిరూపించాడు. 1845లో కుక్క అండం ఎదుగుదల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే తెచ్చాడు. ఇంతవరకూ మంచిదే. కానీ ఎదకు ముందు కుక్కకు రక్తస్రావం అవుతుంది, స్త్రీకి నెలసరి అవుతుంది, కనుక రెండూ ఒకటేనని, నెలసరి రోజులే గర్భం నిలిచే రోజులని 19వ శతాబ్దపు వైద్యం తీర్మానించుకుంది. కుక్కలో ఆ రక్తం అండం పెరుగుతున్నప్పుడు ఈస్ట్రోజెన్ ఉధృతికి గర్భాశయపు సన్నని రక్తనాళాల్లోంచి ఊరేది. స్త్రీలో అది, గర్భం నిలవనప్పుడు, గర్భాశయపు లోపలి పొర రాలడం. ఒకటి అండోత్సర్గానికి ముందు, రెండోది దాని తర్వాత రెండు వారాలకు. 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ విడివిడిగా లెక్క సరిచేసే దాకా కోట్ల మందికి తప్పుడు సలహా అందింది. ఒక జంతువులో చూసింది మరో జంతువుకు అంటగట్టడం వల్ల జరిగిన నష్టానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకడం కష్టం.

పచ్చి అండం సంగతి మొదట స్పష్టంగా చూపినవాడు బెల్జియం శాస్త్రవేత్త ఓమెర్ వాన్ డెర్ స్ట్రిఖ్ట్. కుక్క అండం అండాశయం వదిలేనాటికి ఇంకా ప్రాథమిక అండమాతృకణం దశలోనే ఉంటుందని, మొదటి ధ్రువదేహం (విభజనలో అండం వదిలేసే చిన్న కణం) అండవాహికలోకి వచ్చాకే విడిపోతుందని 1923లో ఆయన ప్రచురించిన పరిశీలనలు చెబుతాయి. ఇది కుక్క ఒక్కదాని విశేషమా, కుటుంబమంతటిదా అనే ప్రశ్నకు జవాబు ఊహించని చోటు నుంచి, బొచ్చుతోళ్ళ వ్యాపారం నుంచి వచ్చింది.

కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో చార్లెస్ డాల్టన్, రాబర్ట్ ఔల్టన్ 1890లలో వెండి నక్కలను బోనులో ఈనించడంలో విజయం సాధించారు. ఇది ఎర్ర నక్కలోనే నలుపు, వెండి చారల రకం. లండన్ వేలాల్లో ఆ తోళ్ళు పలికిన ధరలకు కొన్నాళ్ళు దీవి అంతా నక్కల పిచ్చి పట్టింది. పెంపకందారుకు ఉన్న గండం ఒక్కటే. ఆడనక్క చలికాలంలో ఒకే ఒక్కసారి, మూడు నాలుగు రోజులు ఎదకు వస్తుంది. ఆ రోజులు దాటిపోతే ఏడాది తిండి దండగ. ఏ రోజు జతకలపాలో చెప్పగలవాడికి అక్కడ విలువ ఏర్పడింది. అమెరికాలో ఆలివర్ పియర్సన్, రాబర్ట్ ఎండర్స్ నక్కల అండవాహికలను పలచటి పొరలుగా కోసి, రోజు రోజుకీ అండం ఏ దశలో ఉందో పోల్చి చూశారు. నక్కల్లో అండోత్సర్గం, అండ పరిపక్వత, ఫలదీకరణల మీద వాళ్ళ వ్యాసం 1943లో వచ్చింది. జతకట్టకపోయినా అండం విడుదలవుతుందని, ఎద మొదటి రెండు రోజుల్లోనే విడుదలవుతుందని, నక్క అండం కూడా పచ్చిదేనని, పండడం దారిలోనేనని వాళ్ళు తేల్చారు. వాన్ డెర్ స్ట్రిఖ్ట్ కుక్కలో చూసింది కుటుంబ లక్షణమని దాంతో రూఢి అయింది.

లోపల జరిగేది వరుసగా చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది. ఆడకుక్కపిల్ల పుట్టిన కొద్ది కాలానికే దాని అండాలన్నీ క్షయకరణ విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. ఏళ్ళ తరబడి ఆ నిద్ర సాగుతుంది. ఎదకు వచ్చినప్పుడు సుమారు తొమ్మిది రోజులు రక్తం కనిపిస్తుంది. మగకుక్కలు వెంటపడతాయి గానీ ఆడకుక్క దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత మరో తొమ్మిది రోజులు తోక పక్కకు పెట్టి నిలబడుతుంది. ఈ రెండు దశలు కలిసే చోట మెదడు కింది పిట్యుటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా పొంగుతుంది. తక్కిన జంతువుల్లో ఈ పొంగుతోనే అండం నిద్రలేస్తుంది. కుక్కలో లేవదు. పొంగు వచ్చిన రెండు రోజులకు పుటిక పగిలి, కేంద్రకం ఇంకా చెక్కుచెదరని అండం అండవాహికలోకి జారుతుంది. అక్కడ రెండు, మూడు రోజులు ప్రయాణిస్తూ మొదటి ధ్రువదేహాన్ని వదిలి పండుతుంది. పండిన అండం ఇంకో రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకు మించీ, ఫలదీకరణకు పనికి వస్తుంది. మగకుక్క శుక్రకణాలూ ఆ ఓపికకు తగ్గట్టే ఉంటాయి. ఆడకుక్క శరీరంలో అవి వారం దాకా, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే బతుకుతాయి. ప్రయోగశాలలో పచ్చి అండంలోకి కూడా శుక్రకణం దూరగలదని చూశారు.

వీధిలో కనిపించే వింతలకు జవాబు ఈ వరుసలోనే ఉంది. ఒకే ఈతలో నల్లది, గోధుమరంగుది, మచ్చలది పుడితే ఊళ్ళో నవ్వుకుంటారు. సోమవారం కలిసిన మగకుక్క, గురువారం కలిసిన మగకుక్క, రెండూ తండ్రులు కావడానికి అడ్డేమీ లేదు. సోమవారపు శుక్రకణం గురువారం దాకా కాచుకుంటుంది, గురువారం దాకా అండం పండదు. చూలు రోజులు జతకట్టిన నాటి నుంచి లెక్కిస్తే ఒక కుక్కకు 57, ఇంకోదానికి 70 దాకా రావడమూ ఇందువల్లే. ఎల్‌హెచ్ పొంగు నుంచి లెక్కిస్తే 64, 65 రోజులకు ఒకటి అటూ ఇటూగా అన్నీ ఒక్కటే. అరిస్టాటిల్‌కు దొరకని కచ్చితత్వం అది. జతకట్టినా కట్టకపోయినా అండాశయంలో పుటిక పగిలిన చోట ఏర్పడే పీతదేహం రెండు నెలలు ప్రొజెస్టరాన్ ఊరిస్తూనే ఉంటుంది కాబట్టి, కొన్ని కుక్కలు చూలు లేకుండానే పొదుగు దించి పాలు చేపుతాయి. ఊళ్ళో దాన్ని దృష్టి దోషమనో, చచ్చిన పిల్లల మీద బెంగ అనో అనుకునేవారు. తోడేళ్ళ గుంపులో ఈ ఉత్తచూలు వృథా కాదు, పెద్ద ఆడతోడేలు పిల్లలను చూసుకోవడానికి తక్కినవి సిద్ధంగా ఉంటాయి.

జాతికుక్కలను పెంచేవారు 'క్రాసింగ్' చేయించడానికి రక్తం కనిపించిన నాటి నుంచి పదకొండో రోజు, పదమూడో రోజు అని వేళ్ళ మీద లెక్కపెడతారు. చాలాసార్లు తగులుతుంది, కొన్నిసార్లు తప్పుతుంది. రక్తస్రావం మూడు రోజులకే ఆగేవీ ఉన్నాయి, పదిహేను దాటేవీ ఉన్నాయి. అమెరికాలో హోల్స్ట్, ఫెమిస్టర్ 1970లలో యోనిలోని కణాల రూపుమార్పును, అండం దశలను పక్కపక్కన పెట్టి ఒక కాలపట్టిక కట్టారు. అదే దశాబ్దంలో ప్యాట్రిక్ కాన్‌కానన్ తదితరులు హార్మోన్ల కొలతలతో దాన్ని బిగించారు. కుక్కలో ఇంకో ప్రత్యేకత వాళ్ళకు కలిసొచ్చింది. పుటిక పగలకముందే రక్తంలో ప్రొజెస్టరాన్ పెరగడం మొదలవుతుంది. అందుకే నేడు పశువైద్యశాలల్లో అద్దపు పలక మీద కణాల పరీక్ష, ఒకటి రెండు రక్తపరీక్షలతో సరైన రోజు చెప్పగలుగుతున్నారు.

ఇంత తెలిశాక కూడా శరీరం బయట కుక్క అండాన్ని పండించడం కుదరలేదు. కుందేలులో పరీక్షనాళిక ఫలదీకరణతో పిల్లలు 1959లోనే పుట్టాయి. మనుషుల్లో 1978లో ఇంగ్లండులో లూయీజ్ బ్రౌన్ పుట్టింది, అదే ఏడాది అక్టోబరులో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో దుర్గ పుట్టింది. కుక్క దగ్గర అందరూ ఆగిపోయారు. 1976లో మాహీ, యానగిమాచి కుక్క అండాలను పాత్రలో పెంచారు, శుక్రకణాలు లోపలికి పోవడమూ చూశారు. పిల్లలు మాత్రం రాలేదు. అండాశయం నుంచి తీసిన అండాల్లో పాత్రలో చివరి దాకా పండేవి చాలా తక్కువ. అండవాహికలో ఆ మూడు రోజులు ఏం అందుతుందో దాన్ని సీసాలో పోయడం ఎవరికీ చేతకాలేదు.

దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ఆ సమస్యను విప్పలేదు, పక్కనుంచి దాటారు. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో 2005లో స్నప్పీ అనే క్లోనింగ్ కుక్క పుట్టింది. దానికోసం అండాలను పాత్రలో పండించలేదు. ఆడకుక్క అండవాహికలోనే పండేదాకా ఆగి, అక్కడి నుంచి కడిగి బయటికి తీశారు. 1,095 పిండాలను 123 కుక్కల్లోకి మార్చితే పుట్టినవి రెండు, బతికింది ఒకటి. ఆ దారినే తర్వాత బూడిదరంగు తోడేలునూ కొయెట్‌నూ కుక్క అండాలతో క్లోన్ చేశారు.

అసలు ఫలదీకరణ 2015 దాకా ఆగింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నిఫర్ నాగాషిమా, అలెగ్జాండర్ ట్రావిస్ బృందం రెండు మార్పులు చేసింది. అండాలను అండవాహికలో మరొక్క రోజు ఉంచి అప్పుడు తీశారు, ద్రావణంలో మెగ్నీషియం చేర్చి శుక్రకణాలను సిద్ధం చేశారు. 19 పిండాలను ఒకే ఆడకుక్కలో పెడితే ఆ జులైలో ఏడు పిల్లలు పుట్టాయి. వాటిలో అయిదింటికి తల్లీ తండ్రీ బీగిల్ జాతి. మిగతా రెండింటికి తండ్రి కాకర్ స్పానియల్. ఇక్కడ కూడా అండాన్ని పండించింది కుక్క శరీరమే. మనుషులు చేసింది ఒక రోజు ఎక్కువ ఓపిక పట్టడం.

మన ఊళ్ళలో ప్రభుత్వాలకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. కుక్కల సంతాన నియంత్రణకు కేంద్రం 2001లో నియమాలు చేసింది, 2023లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. పట్టడం, శస్త్రచికిత్స చేయడం, రేబీస్ టీకా వేయడం, పట్టిన చోటే వదలడం వాటి సారం. జైపూరు లెక్కలను బట్టి చూస్తే ఆ పని ఎండాకాలం, వానకాలం మొదట్లో చేస్తే చూలు కుక్కలు తక్కువగా తగులుతాయి, శస్త్రచికిత్స తేలికవుతుంది. చిత్తకార్తె దాటాక వల పట్టుకుని బయల్దేరితే దొరికే ఆడకుక్కల్లో చాలావాటి కడుపులో అప్పటికే పిల్లలుంటాయి.

రేచుకుక్కల విషయంలో మాత్రం పుట్టించడమే లక్ష్యం. ప్రపంచంలో పెద్ద రేచుకుక్కలు రెండున్నర వేలకు మించవని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం అంచనా, అందుకే వాటిని అపాయంలో ఉన్న జాతిగా చేర్చింది. వాటి సంరక్షణ ప్రజననానికి కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఎంచుకున్న కేంద్రం విశాఖపట్నంలోని ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల. అక్కడ పిల్లలు పుట్టింది పరీక్షనాళికల వల్ల కాదు, ఆవరణలో గుంపును గుంపుగా ఉంచడం వల్ల. హైదరాబాదులో సీసీఎంబీకి చెందిన అంతరించే జాతుల ప్రయోగశాల 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్లను, మరుసటి ఏడాది కృష్ణజింక పిల్లను పుట్టించగలిగింది. దుప్పి అండం, జింక అండం పండి రాలేవి.